మనుషులు లేనప్పటి గది

భీమసేనరావుకు ఆ ఉదయం కుర్చీలోంచి లేవడమే ఒక పనిగా తోచింది. సెలైన్ ఫ్యాక్టరీ వరండాలో వేసిన ఇనుప కుర్చీ అది. మూడు రోజులుగా అదే కుర్చీ, అదే వరండా, ఎదురుగా గోడకు అద్దం కట్టించి వేలాడదీసిన అదే సర్టిఫికెట్టు. అద్దం నాలుగు మూలలా పసుపు, కుంకుమ పెట్టారు. ఆ కాగితం మాట నమ్మితే, లోపలున్న క్లీన్ రూము ఆదోనిలోకెల్లా శుభ్రమైన చోటు.

ఆ గదిలో నింపిన సెలైన్ ఎక్కించుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఎమ్మిగనూరు నర్సింగ్‌హోమ్‌లో చనిపోయారు. ఇద్దరికీ ముందు చలి పట్టింది. ఎన్ని దుప్పట్లు కప్పినా తగ్గని చలి. తర్వాత జ్వరం, ఆ తర్వాత నాడి అందకపోవడం. నర్సు సుంకమ్మ మురికి సూదితో సీసాలోకి ఇంకో మందు ఎక్కించిందని, అందుకే ఇలా అయిందని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరసన్న ఆమెను ఎమ్మిగనూరు స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. ఈ మధ్యాహ్నం ఆదోని కోర్టుకు తెస్తాడు. ఒకసారి రిమాండు రాసేశాక నిజం ఎప్పుడు తేలినా ఒకటే. ఆమెను మళ్ళీ ఎవరూ రోగి పక్కకు రానివ్వరు.

సుంకమ్మ భర్త గోవిందన్న ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. సి.ఐ.డి.లో చేసి రిటైరైన భీమసేనరావు ఇంకా ఇలాంటి పనులు చేస్తాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. "దాని సేతులకు మందు వాసన తప్ప ఇంకో వాసన ల్యాదు సార్. అన్నం కలిపినా మందు వాసనే," అన్నాడు. ఆ ఒక్క మాటకే భీమసేనరావు కేసు తీసుకున్నాడు. తీసుకున్న మరునాడే ఎందుకు తీసుకున్నానా అనుకున్నాడు.

సీసాల అడుగున మిగిలిన నీళ్ళలో దూది పోగులు దొరికాయి. నరసన్న బలమంతా అదే. ఆసుపత్రిలో దూది లేక ఇంకేముంటుంది? కానీ భీమసేనరావు ఆ పోగులను హైదరాబాదులో పరీక్ష చేయించాడు. ఆసుపత్రి దూదిని ఉడికించి, తెల్లబరుస్తారు. ఇది అలాంటిది కాదు. చేలోంచి వచ్చిన పచ్చి పత్తి. ఒక పోగును పట్టుకుని గింజ పొట్టు తునక కూడా ఉంది.

అంటే పోగు ఆదోనిదే. పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లులు నడిచే కాలంలో ఈ ఊళ్ళో పత్తి నుసి లేని చోటుండదు, కాఫీలోనూ తేలుతుంది. చిక్కల్లా ఒక్కటే. కిటికీ లేని గదిలోకి, గాలిని కూడా వడగట్టి పంపే గదిలోకి, ఆ పోగు ఎలా వెళ్ళింది?

లోపలి తలుపు తెరుచుకుంది. తలకున్న తెల్ల టోపీ ఊడదీస్తూ చంద్రకళ వచ్చింది. హైదరాబాదు లేబొరేటరీలో సైంటిస్టు. ఇలాంటి గదులు ఎలా ఉండాలో రాస్తున్న అంతర్జాతీయ కమిటీలో మన దేశం తరఫున కూర్చునే మనిషి. గదిని మళ్ళీ కొలిపించి, అందులో తప్పు లేదన్న తన మాట నెగ్గించుకుందామని ఫ్యాక్టరీ యజమాని వెంకటసుబ్బయ్య ఆమెను పిలిపించాడు. ఆమె చేతిలో గాలిలో ధూళిని లెక్కపెట్టే యంత్రం నుంచి వచ్చిన కాగితపు చుట్ట ఉంది.

"గది బాగుంది," అంది ఆమె, నచ్చని మాట చెప్పినట్టు. "గది కట్టిన బొంబాయి వాళ్ళు ఆషాఢంలో కొలిచినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

"లోపల ఎవరున్నారమ్మా, మీరు కొలిచినప్పుడు?"

"ఎవరూ లేరు. నేను కూడా యంత్రం పెట్టి బయటికి వచ్చేశాను. యజమాని అలాగే కొలవమన్నారు."

"అట్ల కొలవచ్చునా?"

చంద్రకళ పక్క కుర్చీలో కూర్చుంది. "కొలవచ్చు. దాని కోసమే మేం కమిటీలో రెండు రోజులు కొట్లాడుకున్నాం. గదిని మూడు రకాలుగా కొలవచ్చు. కట్టి వదిలేసినప్పుడు, యంత్రాలు పెట్టాక మనుషులు లేనప్పుడు, మనుషులు పనిచేస్తున్నప్పుడు. మూడోదే కొలవాలని నేనన్నాను. గదుల్లో మురికి గోడల నుంచి రాదు, మనిషి నుంచి వస్తుంది. మెడ తిప్పితే చాలు, వేల కణాలు రాలతాయి."

"మీ మాట నెగ్గలేదా?"

"కమిటీలో నెగ్గడం ఉండదు సార్. నలుగురైదుగురు కూర్చుని ఒక ముసాయిదా రాస్తారు. అన్ని దేశాలకూ వెళుతుంది. నచ్చలేదని ఊరికే అంటే కుదరదు. దాని బదులు ఏ వాక్యం ఉండాలో కూడా రాసి పంపాలి. తర్వాత అందరం బల్ల చుట్టూ చేరి ఒక్కొక్క అభ్యంతరానికీ జవాబు చెప్పుకుంటూ పోవాలి. ఒకాయన దేశం ఫిల్టర్లు అమ్ముతుంది, ఒకాయన దేశం గదులే కట్టి అమ్ముతుంది. మనుషులుండగా కొలవాలంటే కట్టినవాడి పూచీ ఎక్కడ ఆగుతుంది అంటారు వాళ్ళు. అదీ న్యాయమే."

"చివరికి?"

"ఏ స్థితిలో కొలవాలో కట్టేవాడూ, కట్టించుకునేవాడూ మాట్లాడుకోవాలని రాశాం."

"అందరూ ఒప్పుకున్నారా?"

"ఎవరూ గట్టిగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే."

"మా అన్నదమ్ముల పంపకాలు గూడా అట్లే జరిగినాయి," అన్నాడు భీమసేనరావు. "ఈడ కట్టినోడు బొంబాయివాడు, కట్టించుకున్నోడు వెంకటసుబ్బయ్య. నరానికి సూది పెట్టించుకునే మనిషి ఆ మాటల్లో యాడా లేదు."

చంద్రకళ కాగితపు చుట్టను మడిచి సంచిలో పెట్టుకుంది.

వాకిట్లో జీపు ఆగింది. నరసన్న బూట్ల చప్పుడు ముందు, ఆయన నవ్వు తర్వాత వరండాలోకి వచ్చాయి. ఒకప్పుడు భీమసేనరావు చేతికింద సబ్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడే.

"ఏం సామీ, ఇంకా ఈడనే ఉండారా? ఇంటికాడ అమ్మగారు బువ్వకు ఎదురు సూస్తాంటారు."

"మధ్యాహ్నం దాకా టైముంది గదప్పా."

"మీకుంది. నాకు ల్యాదు. జడ్జిగారు రెండింటికి కూకుంటారు." నరసన్న టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. "నేనొకటి అడుగుతా, సెప్పండి. ఆ గదిలో దూది ఉండాదని ఈయమ్మ యంత్రం సెప్పిందా? సెప్పలే. ఆస్పత్రిలో దూది ఉండాదా? ఉండాది. దీనికి హైదరాబాదు దాకా పోవల్నా?"

"అది పచ్చి పత్తి."

"గాలికి వచ్చి పడింటాది. ఎమ్మిగనూరులో పత్తి ల్యాదా ఏంది?"

"మూత తీయని సీసా ఒకటి అదే పెట్టెలో మిగిలితే దాన్నీ చూపించినా. అందులోనూ ఉంది. మూత మీద సీలు ఉండంగనే లోపల పోగుంది నరసన్నా. నీకు రిపోర్టు పంపినా. చదవలేదు నువ్వు."

నరసన్న నవ్వు కొంచెం తగ్గింది. "ఆ సీసా మీ సేతికి ఎవరిచ్చినారు? గోవిందన్న. కోర్టులో నిలస్తాదా అది? రిటైరయినాక గూడా నన్ను కూకోబెట్టి పాఠం సెప్పల్లనేనా మీకు?"

అందులో న్యాయముంది. భీమసేనరావుకు కోపం కూడా రాలేదు, దానికీ ఓపిక కావాలి. చంద్రకళ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు కమిటీలో అడిగినారే, ఆ మూడో రకం కొలత. ఇప్పుడు కొలుస్తారా?"

వెంకటసుబ్బయ్య తన గది గుమ్మంలోనే నిలబడి అంతా వింటున్నాడు. "అది మన ఒప్పందంలో లేదు," అన్నాడు.

"ల్యాకపోతే రాసుకోండి శెట్టిగారూ," అన్నాడు నరసన్న అనుకోకుండా. "సూద్దాం. సామి సరదా గూడా తీరిపోతాది."

క్లీన్ రూముకు ముందు బట్టలు మార్చుకునే చిన్న గది ఉంది. అక్కడి నుంచి అద్దం గుండా లోపలికి చూడవచ్చు. మగవాళ్ళు ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. చంద్రకళ ఒళ్ళంతా కప్పే తెల్ల సూటు తొడుక్కుని లోపలికి వెళ్ళి, యంత్రాన్ని సీసాలు నింపే బల్ల దగ్గర పెట్టింది. పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, సూటు తొడిగించి, బల్ల దగ్గర రోజూ చేసే పనే చేయమంది. మూతలు బిగించే ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి వచ్చారు. యంత్రం మీద ఎర్ర అంకెలు కొంచెం పెరిగాయి, తగ్గాయి. ఆమె అద్దం లోంచి తల ఊపింది. ఫరవాలేదని అర్థం.

మూడో మనిషి శ్రీపాదరావు. ఆ గదికి సూపర్‌వైజరు. సన్నటి మనిషి, ఉప్పూ మిరియాల జుట్టు, మనిషికీ మనిషికీ మధ్య జానెడు ఎడం వదిలి నడిచే అలవాటు. రోజూ రెండు పూటలా స్నానం చేసి కానీ ఈ గదిలో అడుగు పెట్టడు. గదిని దేవుడి గదిలాగే చూస్తాడని వెంకటసుబ్బయ్య రెండు రోజుల క్రితమే గొప్పగా చెప్పాడు.

శ్రీపాదరావు బల్ల దగ్గర నిలబడి చేతులు చాచాడు. వరసగా పెట్టిన సీసాల మీదుగా, రోజూ లాగే. చంద్రకళ ముందు యంత్రం కేసి, తర్వాత అతని కేసి చూసింది. అతన్ని ఆగమని, మళ్ళీ మొదటి నుంచి చేయమంది. మళ్ళీ చేశాడు. ఆమె కాగితపు చుట్టను తెచ్చి అద్దానికి ఆనించింది. ఇందాకటి ఇద్దరి వరసలు చీమల్లా ఉంటే, దీని వరస నల్లటి దిమ్మెలా ఉంది.

"మిషన్ పాడైనట్టుంది," అన్నాడు వెంకటసుబ్బయ్య.

మొదటి మనిషిని మళ్ళీ పంపారు. అంకెలు మామూలుగా ఉన్నాయి. శ్రీపాదరావును పంపారు. మళ్ళీ దిమ్మె.

భీమసేనరావు గోడ వైపు తిరిగాడు. పనివాళ్ళ సూట్లన్నీ ఫ్యాక్టరీలోనే ఉతికి, ప్లాస్టిక్ కవర్లలో మడతపెట్టి అరల్లో ఉన్నాయి. చివర, మనిషి చేతికి అందనంత ఎత్తున ఒక మేకు. దానికి ఏమీ లేదు. దాని కింద గోడకు ఆనించి సన్నటి వెదురు కర్ర.

మూడు రోజులుగా ఆ కర్ర అక్కడే ఉంది. ఈ మూడు రోజుల్లో ఇటు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు. ఆయన ఇంట్లోనూ అలాంటిది ఒకటుంది. మడిబట్టను ఎవరి చేయీ తగలకుండా ఎత్తున ఆరేసి, ఆ కర్రతోనే దించుకుంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న వస్తువు కనుకనే కళ్ళకు ఆనలేదు. నరసన్నకు చూపించి ఉంటే మొదటి రోజే ఇదేందని అడిగేవాడు. ముసలివాణ్ణయ్యాను, అనుకున్నాడు.

శ్రీపాదరావు సూటుతోనే బయటికి వచ్చాడు. ముఖం చిన్నబోయింది.

"శ్రీపాదరావుగారూ, మీ సూటు ఎవరు ఉతుకుతారు?"

"నేనే."

"ఈడనా?"

"ఈడ రంగమ్మ ఉతుకుతుంది. ఆమెను తప్పు పట్టడం లేదు. కానీ అందరి బట్టలూ ఒకే తొట్టిలో వేస్తారు. నా మనసు ఒప్పలేదు. ఇంటికి తీసుకుపోయి, స్నానం చేసి, తుంగభద్ర నీళ్ళతో నేనే తడుపుకుంటాను. ఇంట్లో నా భార్యను కూడా ముట్టనివ్వను."

"ఎప్పటి నుంచి?"

"కార్తీకం నుంచి."

"ఆరేసేది?"

"మిద్దె మీద. మడి దండెం మీద." ఆయన గొంతులో మొదటిసారి పౌరుషం వినిపించింది. "ఈ ఊళ్ళో నాకంటే శుభ్రంగా ఈ గదిలోకి పోయినవాడు ఎవడైనా ఉంటే చూపించండి."

నరసన్న టోపీ పెట్టుకున్నాడు. "ఆ మిద్దె సూద్దాం, పదండి," అన్నాడు.

ఇల్లు రెండు వీధుల అవతలే. మిద్దె మెట్లు ఎక్కుతుంటే భీమసేనరావు మోకాళ్ళు సలిపాయి. మధ్యలో ఒకసారి ఆగాడు. వెనక నరసన్న కూడా ఆగాడు. శ్రీపాదరావు భార్య సరస్వతి మెట్ల పక్కకు ఒదిగి నిలబడింది. "వారికి ఏమైనా ఆపదా?" అని భీమసేనరావునే కన్నడంలో అడిగింది. ఆయన చూసి చెబుతానన్నాడు.

మిద్దె మీద రెండు రాటల మధ్య వెదురు దండెం ఉంది. దాని మీద శ్రీపాదరావు రెండో సూటు, తెల్లగా, ముడత లేకుండా ఆరుతోంది. పిట్టగోడ అవతల జిన్నింగు మిల్లు. రేకుల కప్పు కింద నుంచి నుసి పొగలా లేచి ఈ పక్కకే వస్తోంది. గోడ మీద, రాటల మీద, తులసికోట అంచుల మీద తెల్లటి నూగు. సరస్వతి రోజూ ఊడుస్తుంది కాబోలు, మూలన చీపురు, దాని పక్కన దూది కుప్ప.

చంద్రకళ దండెం దగ్గరికి వెళ్ళి, చేయి చాచి, శ్రీపాదరావు కేసి చూసింది. ముట్టుకోవచ్చా అన్నట్టు. ఆయన తల దించుకున్నాడు. ఆమె సూటు అంచు పట్టుకుని ఎండకు ఎదురుగా ఎత్తింది. బట్ట నిండా సన్నటి పోగులు నిక్కపొడుచుకుని ఉన్నాయి.

"టెరిలిన్ బట్ట," అంది. "ఆరుతూ ఆరుతూ దూదిని తనంతట తానే లాక్కుంటుంది. దులిపినా పోదు. గదిలో చేయి చాచినప్పుడు మాత్రం రాలుతుంది." కొంచెం ఆగింది. "కమిటీలో బట్టల సంగతి కూడా అడిగాను. అది ఈ భాగం పరిధిలోకి రాదన్నారు. బట్టలకు వేరే భాగం రాస్తారట. దానికి వేరే బృందం వేయాలి. ఇంకా వేయలేదు."

"పోగు పడితే పడె," అన్నాడు నరసన్న. వాదిస్తున్నట్టు లేదు, తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది. "తర్వాత సీసాల్ని ఆవిరిలో ఉడకబెడతారు గదా. పురుగూ పుట్రా సచ్చిపోవల్ల."

"క్రిమి చస్తుంది. పచ్చి పత్తి మీద ఉండే క్రిముల విషం మాత్రం ఎంత ఉడికించినా చావదు. అయితే ఒకటి రెండు పోగుల విషం మనిషిని చంపదు. ఆ సీసాలు ఉడికించే ముందు నిలవ ఉండి ఉండాలి. నీళ్ళలో క్రిమి పెరిగేంత సేపు."

శ్రీపాదరావు పిట్టగోడ పట్టుకున్నాడు. "ఆ రోజు కరెంటు పోయింది," అన్నాడు మెల్లగా. "నింపి, మూతలు బిగించినాము. ఆవిరికి పెట్టబోతే కరెంటు లేదు. రాత్రంతా రాలేదు. తెల్లవారినాక పెట్టినాము. మూత వేసినాక ఏమవుతుందిలే అనుకున్నా." తర్వాత భీమసేనరావు వైపు చూసి, "రావుగారూ, నేను ఆ సీసాలకు నమస్కారం చేసి కానీ పని మొదలుపెట్టేవాణ్ణి కాదు," అన్నాడు.

భీమసేనరావు ఆ మనిషి మీంచి చూపు తిప్పుకుని దండెం వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఒక దొంగ దొరికి ఉంటే మేలు. దొంగను చూసి అలసిపోనక్కర్లేదు.

"నరసన్నా, సుంకమ్మను ఏం చేస్తావు?"

నరసన్న మిల్లు వైపు చూస్తూ నిలబడ్డాడు. మీసం మీద చిన్న పోగు వాలింది. తుడుచుకుని, వేళ్ళ మధ్య పట్టుకుని చూసుకున్నాడు. "నేను కోర్టుకు ఏమని సెప్పేది సామీ? దండెం ముద్దాయి అని సెప్పల్నా?"

"ఆమె కాదని చెప్పు. చాలు."

మెట్ల మీద రొప్పుతూ వెంకటసుబ్బయ్య వచ్చాడు. జరిగింది విన్నాక ముఖం తుడుచుకున్నాడు. "సరే, నా కర్మ. ఆ రోజు సరుకంతా ఎప్పుడో వెనక్కి తెప్పించినా. ఆదోనిలో, ఎమ్మిగనూరులో, మద్దికెరలో, ఎవరికి అమ్మినామో వాళ్ళందరి దగ్గర్నించీ. ఒక్క సీసా బయట లేదు."

శ్రీపాదరావు తలెత్తాడు. "క్యాంపువో?"

"ఏ క్యాంపు?"

"సి.బెళగల్లు క్యాంపు. ఆడవాళ్ళ ఆపరేషన్లకు. మీ అమ్మగారి పేరు మీద రెండు పెట్టెలు ధర్మంగా పంపమన్నారు కదా."

"అవి అమ్మినవి కాదు గదప్పా," అన్నాడు వెంకటసుబ్బయ్య. "ధర్మానికి ఇచ్చినవి. ఇచ్చింది ఎట్లా వెనక్కి అడుగుతాం? అందుకే అసలు లెక్కలోకే..."

"క్యాంపు ఎప్పుడు?" భీమసేనరావు అడిగాడు.

"ఈ రోజే."

మిల్లు ఆఫీసులో ఫోనుంది. మెట్లు దిగడంలో భీమసేనరావు వెనకబడ్డాడు. ఆయన చేరేసరికి నరసన్న ఎమ్మిగనూరు స్టేషన్‌తో మాట్లాడుతున్నాడు. సి.బెళగల్లుకు ఇక్కడి నుంచి పోయేదానికంటే ఎమ్మిగనూరు నుంచి తొందరగా పోవచ్చు. అక్కడున్నది ఒకే జీపు. దాన్ని సుంకమ్మను కోర్టుకు తెచ్చేందుకు సిద్ధం చేయమని పొద్దున నరసన్నే చెప్పాడు.

"జీపు కోర్టుకు ఒద్దు. బెళగల్లుకు తిప్పు. ఆడ ఎక్కించే సెలైనంతా నిలిపేయమను. పెట్టెలు సీజ్ సెయ్. ఆ? అవునప్పా, సుంకమ్మను గూడా తీసుకపో." అవతల ఏదో అడిగినట్టున్నారు. నరసన్న భీమసేనరావు ముఖం చూడకుండా గోడ వైపు తిరిగాడు. "ముద్దాయి గిద్దాయి నాకు తెల్దు. ఆ చలిని సూసిన మనిషి ఆయమ్మ ఒక్కతే. సేతులకు బేడీలుంటే తీసేయ్. సూది ముట్టే సేతులు."

తర్వాత చాలాసేపు ఊరికే విన్నాడు. మిల్లు చప్పుడుకు ఇంకో చెవి మూసుకున్నాడు.

"ఏమంటాండారు?" భీమసేనరావు అడిగాడు.

నరసన్న రిసీవరు చెవి దగ్గర్నించి తీయలేదు. "బెళగల్లు నుంచి ఇప్పుడే మనిషి వచ్చినాడంట సామీ, ఇంకో డాక్టరు కావల్లని. మొదటి వరసలో ఒకామెకు చలి పట్టిందంట. దుప్పట్లు కప్పుతానే ఉండారంట."